ద్రవస్ఫటికాలు, రేడియో తరంగాలు: రెండు శాస్త్ర పరంపరల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రేడియో తరంగాలు, ద్రవస్ఫటికాలు దాదాపు ఒకే కాలంలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చాయి. ఆ రెండింటినీ కలిపి పనికివచ్చే పరికరం చేయడానికి మాత్రం నూరేళ్లకు పైగా పట్టింది. ఈ జాప్యానికి కారణాలేమిటి? భారతదేశంలో, ప్రత్యేకించి తెలుగు ప్రాంతాలలో, ఈ రెండు పరంపరలు ఏయే చోట్ల సాగాయి? అవి ఇప్పుడు కలవడానికి ఏ జ్ఞానం అవసరం? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ద్రవస్ఫటికం, రేడియో పౌనఃపున్యం, విషమదైశికత, దశ నియంత్రణ, జగదీశ్‌చంద్ర బోసు, నాగార్జున విశ్వవిద్యాలయం, గాదంకి, సంగారెడ్డి జిల్లా.

1. ఉపోద్ఘాతం

ద్రవస్ఫటికం అనగానే చేతిగడియారం, కాలిక్యులేటర్, టెలివిజన్ తెర గుర్తుకువస్తాయి. కాంతిని అడ్డగించడం, వదలడం ఆ పదార్థం చేసే పనిగా లోకానికి తెలుసు. కాంతి ఒక విద్యుదయస్కాంత తరంగం. సెల్‌ఫోన్‌కు, ఉపగ్రహానికి మధ్య సాగే రేడియో తరంగం కూడా అదే జాతికి చెందినది, తరంగదైర్ఘ్యంలోనే తేడా. కాంతి మీద పనిచేసే పదార్థం రేడియో తరంగం మీద కూడా పనిచేయాలి గదా అన్న ప్రశ్న సహజమైనది. దానికి ఆచరణలో సమాధానం 1990లలో గాని రాలేదు. ఆలోచన లేక ఆలస్యం జరగలేదు. పదార్థం నిలకడగా ఉండాలి. వాడే తరంగదైర్ఘ్యం తగినంత చిన్నది కావాలి. ఈ రెండు షరతులూ వేరువేరు కాలాలలో, వేరువేరు దేశాలలో తీరాయి. ఆ క్రమాన్ని అనుసరిస్తేనే అందులో తెలుగు విశ్వవిద్యాలయాల కృషికి ఉన్న స్థానం కూడా స్పష్టమవుతుంది.

2. ఒకే పీఠం, రెండు విషయాలు

ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్సర్ 1888లో కొలెస్టరిల్ బెంజోయేట్ అనే పదార్థాన్ని వేడిచేసి చూశాడు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మబ్బుగా ఉన్న ద్రవమైంది. 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఒక పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు ఉండడం అప్పటి రసాయనశాస్త్రానికి మింగుడుపడని సంగతి. రైనిట్సర్ ఆ సంవత్సరం మార్చి 14న స్ఫటిక పరిశీలనలో నిపుణుడైన ఓటో లేమన్‌కు లేఖ రాసి, నమూనాలు పంపాడు. వేడిచేస్తూ చూడగల సూక్ష్మదర్శిని లేమన్ దగ్గర ఉంది. మబ్బుగా ఉన్న ఆ ద్రవం స్ఫటికం వలె కాంతిని రెండుగా విడదీస్తున్నదని అతడు గమనించి, 1889లో ‘ప్రవహించే స్ఫటికాలు’ అన్న పేరుతో వ్యాసం ప్రకటించాడు.

అదే 1889లో లేమన్ కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ పీఠాన్ని అతనికి ముందు అలంకరించినవాడు హైన్‌రిష్ హెర్ట్జ్. విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన పరిశోధనలను హెర్ట్జ్ 1886-88 మధ్య అక్కడే చేశాడు. 1888 చివర లోహ పరావలయ దర్పణాలతో, తారు పట్టకంతో, తీగల జల్లెడతో తన తరంగాలు కాంతి వలెనే పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం చెందుతాయని చూపాడు. ఆ విధంగా రేడియో తరంగాలు, ద్రవస్ఫటికాలు ఒకే పీఠంలో ఒకదాని వెంట ఒకటి అధ్యయన విషయాలయ్యాయి. అయినా అవి కలవలేదు. హెర్ట్జ్ తరంగాలు అత్యధికం మీటర్ల లెక్కలోనివి. లేమన్ పదార్థం సూక్ష్మదర్శిని పలక మీద, నూరు డిగ్రీలు దాటిన వేడిలో మాత్రమే కనిపించేది.

పేరు విషయంలోనూ వివాదం సాగింది. ‘ద్రవస్ఫటికం’ అన్న మాటలోనే వైరుధ్యం ఉందని ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఫ్రీడెల్ అభ్యంతరం చెప్పాడు. అది ద్రవమూ స్ఫటికమూ కాని మధ్యరూపమన్నది అతని వాదం. 1922లో అతడు చేసిన నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టరిక్ అనే వర్గీకరణ నిలిచింది. అతడు కాదన్న పేరు కూడా నిలిచింది. నెమాటిక్ ప్రావస్థలో కడ్డీల వంటి అణువుల స్థానాలకు క్రమం ఉండదు, అవి చూసే దిశకు మాత్రం క్రమం ఉంటుంది. అందువల్ల ఆ పదార్థం గుణాలు ఒక దిశలో ఒక రకంగా, దానికి లంబదిశలో మరో రకంగా ఉంటాయి. దీనినే విషమదైశికత అంటారు. రేడియో పరికరాలకు పనికివచ్చే గుణం ఇదే.

3. కలకత్తా ప్రయోగాలు

విషమదైశిక పదార్థంతో రేడియో తరంగాన్ని మలచవచ్చునన్న ఆలోచనకు తొలి ఆధారాలలో ఒకటి భారతదేశంలో దొరుకుతుంది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్‌చంద్ర బోసు 1895 నుంచి అతి చిన్న తరంగాలతో పనిచేశాడు. అతని తరంగదైర్ఘ్యాలు సుమారు 2.5 సెంటీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా ఉండేవి. నేటి పరిభాషలో అవి 12 నుంచి 60 గిగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యాలు.

బోసు 1898లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగినది. అతడు జనపనార పోగులను కట్టగా చేర్చి మెలితిప్పాడు. ఆ కట్టల గుండా వెళ్లిన తరంగపు ధ్రువణతలం తిరిగిపోయింది. కుడివైపు మెలితిప్పితే ఒక వైపు, ఎడమవైపు మెలితిప్పితే మరో వైపు తిరిగింది. చక్కెర ద్రావణం కాంతి ధ్రువణతలాన్ని ఎట్లా తిప్పుతుందో నమూనాతో చూపడం బోసు ఉద్దేశం. ద్రవస్ఫటికాలు అతని ప్రస్తావనలో లేవు. అయితే రైనిట్సర్ చూసిన పదార్థంలోని అణువులు కూడా మెలికగానే అమరి ఉంటాయి. కొలెస్టరిక్ ప్రావస్థలో అణువుల మెలిక కాంతికి చేసే పనిని, జనపనార మెలిక మిల్లీమీటర్ తరంగానికి చేసింది. పదార్థపు అమరికను మారిస్తే తరంగం మారుతుందన్న సూత్రం ఆ ప్రయోగంలో ప్రత్యక్షంగా ఉంది. చేతితో మెలితిప్పవలసిన చోట విద్యుత్తు ఆ పని చేయడం మాత్రమే మిగిలింది.

ఆ తరువాత రేడియో చరిత్ర మరో దారి పట్టింది. సముద్రాలు దాటి దూరం పోయే పొడవైన తరంగాలకే వాణిజ్యంలో విలువ ఉండడంతో మిల్లీమీటర్ తరంగాలు దశాబ్దాల పాటు పక్కన ఉండిపోయాయి.

4. నిలకడ గల పదార్థం కోసం

విద్యుత్తుతో, అయస్కాంతంతో ద్రవస్ఫటికపు అణువుల దిశను మార్చవచ్చునన్న విషయాన్ని రష్యా శాస్త్రజ్ఞుడు వి.కె. ఫ్రెడరిక్స్ బృందం 1927 నుంచి క్రమబద్ధంగా అధ్యయనం చేసింది. గాజు పలకల మధ్య ఒక దిశలో పడుకొని ఉన్న అణువులు, క్షేత్రం ఒక హద్దు దాటగానే లేచి నిలబడడం ప్రారంభిస్తాయి. ఇందుకు కొద్ది వోల్టులు చాలు. తెరలకైనా, రేడియో పరికరాలకైనా ఆధారం ఈ మార్పే.

పదార్థాలు మాత్రం వేడిలోనే ద్రవస్ఫటికాలుగా ఉండేవి. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ తరఫున జార్జ్ హైల్‌మయర్ బృందం ద్రవస్ఫటిక తెరను ప్రదర్శించిన తరువాత, గది ఉష్ణోగ్రత వద్ద పనిచేసే పదార్థాల కోసం వెతుకులాట పెరిగింది. 1969లో జర్మనీలో హాన్స్ కెల్కర్ తయారుచేసిన ఎంబీబీఏ ఆ అవసరాన్ని తీర్చింది. కాని గాలిలోని తేమ తగిలితే అది విడిపోయేది. 1973లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం రూపొందించిన సయనోబైఫినైల్‌లతో ఆ కొరత కూడా తీరింది. అప్పటి నుంచి ద్రవస్ఫటికం పరిశ్రమ వస్తువయింది. రేడియో ఇంజనీర్లకు కావలసిన మొదటి షరతు ఆ విధంగా తెరల పరిశ్రమ ద్వారా తీరింది.

5. బెంగళూరు, గుంటూరు

ఈ కాలంలోనే భారతదేశంలో ద్రవస్ఫటిక అధ్యయనం వేళ్లూనింది. ఎస్. చంద్రశేఖర్ 1971లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ద్రవస్ఫటిక ప్రయోగశాలను స్థాపించాడు. 1973 డిసెంబరులో అక్కడ అంతర్జాతీయ సదస్సు జరిగింది. 1977లో చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ కలిసి ‘ప్రమాణ’ పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ శాస్త్రపు హద్దులనే మార్చింది. అప్పటిదాకా కడ్డీల వంటి అణువులే ద్రవస్ఫటికాలవుతాయని భావించేవారు. బిళ్లల వంటి అణువులు కూడా కాగలవని ఆ వ్యాసం చూపింది.

తెలుగు నేల మీద ఈ అధ్యయనానికి ప్రధాన కేంద్రాలలో నాగార్జున విశ్వవిద్యాలయం ఒకటి. 1976లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో వి.జి.కె.ఎం. పిసిపాటి, ఎన్.వి.ఎస్. రావు మొదలైనవారు ద్రవస్ఫటికాల ప్రావస్థ మార్పులను అధ్యయనం చేశారు. తరువాత వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలోనూ ఈ పరిశోధన కొనసాగింది. ఈ బృందాలు ఎక్కువగా పనిచేసినవి పరిశోధకులు ‘ఎన్‌ఓ.ఎమ్’ అని పిలిచే సమ్మేళనాల శ్రేణి మీద. అణువుకు రెండు కొసల ఉండే కర్బన తోకల పొడవును ‘ఎన్’, ‘ఎమ్’ అనే సంఖ్యలు సూచిస్తాయి. మొదటి సంఖ్య 1, రెండవది 4 అయితే ఆ సమ్మేళనమే ఎంబీబీఏ. అంటే తెరల యుగానికి దారితీసిన పదార్థపు కుటుంబాన్నే గుంటూరు పరిశోధకులు ఒక్కొక్క సభ్యునిగా పరిశీలించారు. తోకలో ఒక్క కర్బన పరమాణువు పెరిగితే ప్రావస్థ మార్పు జరిగే ఉష్ణోగ్రత, సాంద్రత ఎట్లా మారుతాయో కొలిచారు.

ఇటువంటి కొలతలకు ప్రచారం తక్కువ. ఒక పరికరం పేరు చెప్పి వాటిని గుర్తుపెట్టుకొనే అవకాశం ఉండదు. అయితే ఏ ఉష్ణోగ్రత వద్ద పదార్థం తన క్రమాన్ని కోల్పోతుందో తెలియకుండా ఆ పదార్థంతో పరికరం చేయడం సాధ్యం కాదు. ఈ కొలతల విలువ రేడియో పరికరాల దగ్గరికి వచ్చేసరికి మరింత పెరుగుతుంది.

6. గాదంకి నుంచి 26 గిగాహెర్ట్జ్‌ల దాకా

రెండవ షరతు తరంగదైర్ఘ్యం. దీనిని అర్థం చేసుకోవడానికి తిరుపతికి సమీపంలోని గాదంకి మంచి ఉదాహరణ. 1990ల ఆరంభంలో అక్కడ నెలకొన్న ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల క్షేత్రంలో 1024 యాంటెనాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా కదలదు. అయినా రాడార్ పుంజం ఆకాశంలో ఒక దిశ నుంచి మరో దిశకు మళ్లుతుంది. ఒక్కొక్క వరుసకు అందే తరంగాన్ని కొద్దిగా ముందు వెనుకలు చేస్తారు; అంటే దాని దశను మారుస్తారు. అన్ని తరంగాలు ఏ దిశలో ఒకే దశలో కలుస్తాయో ఆ దిశకు పుంజం సాగుతుంది. దశ నియంత్రణ అంటే ఇదే.

దశను మార్చడానికి ఒక మార్గం తరంగవేగాన్ని మార్చడం. రోధక స్థిరాంకం ఎక్కువగా ఉన్న పదార్థంలో తరంగం నెమ్మదిగా పోతుంది. రేడియో పరికరాల కోసం జర్మనీలోని మెర్క్ సంస్థ రూపొందించిన ఒక ద్రవస్ఫటిక మిశ్రమంలో, 20 గిగాహెర్ట్జ్‌ల పరిసరాలలో, అణువుల దిశకు లంబంగా ఈ స్థిరాంకం సుమారు 2.46, సమాంతరంగా సుమారు 3.28. వీటి వర్గమూలాలే వక్రీభవన గుణకాలు కనుక వాటి మధ్య భేదం దాదాపు 0.24. తరంగం పూర్తిగా ద్రవస్ఫటికం గుండానే సాగుతుందనుకుంటే, పూర్తి ఆవృత్తం, అంటే 360 డిగ్రీల దశమార్పు కోసం తరంగదైర్ఘ్యాన్ని ఈ భేదంతో భాగించినంత పొడవు కావాలి.

గాదంకి తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. ఇదే భేదం అక్కడ లభిస్తుందనుకున్నా 23 మీటర్లకు పైగా పొడవైన ద్రవస్ఫటిక పట్టీ కావాలి. అది అసాధ్యం. భారతదేశంలో 2022 వేలంలో ఐదవ తరం సేవలకు కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ పట్టీలో తరంగదైర్ఘ్యం 11.5 మిల్లీమీటర్లు. అక్కడ దాదాపు 5 సెంటీమీటర్ల పట్టీ చాలు. పైగా ద్రవస్ఫటికపు అణువులు మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని క్షేత్రాలతో పాటు ఊగడానికి ప్రయత్నించి శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయి. గిగాహెర్ట్జ్‌లలో క్షేత్రం వేగాన్ని అవి అందుకోలేవు కనుక ఆ నష్టం తగ్గుతుంది. అర్ధవాహక పరికరాలకు పౌనఃపున్యం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. ద్రవస్ఫటికానికి స్థితి ఇందుకు అనుకూలంగా మారుతుంది. వైర్‌లెస్ ప్రసారం బోసు ప్రయోగాల పౌనఃపున్యాలకు తిరిగి చేరుకున్నప్పుడు గాని ద్రవస్ఫటికానికి రేడియోలో చోటు దొరకకపోవడానికి కారణం ఇదే.

7. పరికరాలు, పరిమితులు

సూక్ష్మతరంగాల వద్ద ద్రవస్ఫటికాల గుణాలను కొలిచినవారు ముందునుంచీ ఉన్నా, దశ నియంత్రణ పరికరాలు 1993లో ప్రముఖంగా వెలుగులోకి వచ్చాయి. ఆ ఏడాది అమెరికాలోని హ్యూస్ పరిశోధనశాలకు చెందిన లిమ్, మార్జెరమ్, లాక్నర్. ఫ్రాన్స్‌లోని థామ్సన్ సంస్థకు చెందిన డోల్ఫీ బృందం వేరువేరుగా తమ పరికరాలను ప్రకటించారు. 2000 తరువాత జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోల్ఫ్ యాకోబి బృందం, అదే నగరంలోని మెర్క్ సంస్థతో కలిసి రేడియోకు తగిన మిశ్రమాలను, పరికరాలను అభివృద్ధి చేసింది. 2012లో అమెరికాలో ఏర్పడిన కైమెటా సంస్థ కదిలే భాగాలు లేకుండా ఉపగ్రహాన్ని అనుసరించే చదును యాంటెనాలను ద్రవస్ఫటికాలతో చేసింది. వాటి గాజు పలకల తయారీకి తెరల పరిశ్రమ నైపుణ్యమే ఆధారమైంది.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. మొదటిది వేగం. అణువులు తిరిగి తమ స్థితికి వచ్చే కాలం పొర మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. తెరలో పొర మందం సుమారు 5 మైక్రాన్లు. స్పందన కొన్ని మిల్లీసెకన్లు. రేడియో పరికరంలో పొర 100 మైక్రాన్లయితే మందం 20 రెట్లు, కాలం 400 రెట్లు. అంటే సెకన్లు పడుతుంది. శత్రు విమానాన్ని వెంటాడే రాడార్‌కు ఇది పనికిరాదు. భూమి మీద స్థిరంగా ఉండి ఉపగ్రహం వైపు చూసే పరికరానికి ఇది భరించదగిన జాప్యమే.

రెండవది ఉష్ణోగ్రత. గ్రే బృందపు ప్రసిద్ధ పదార్థం 5సీబీ సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్య మాత్రమే నెమాటిక్ ప్రావస్థలో ఉంటుంది. తెలంగాణ వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో డాబా మీద ఉన్న పలక అంతకంటే వేడెక్కుతుంది. అటువంటి చోట 5సీబీ సాధారణ ద్రవమై, దిశాభేదం నశించి, దశను మార్చే శక్తిని పూర్తిగా కోల్పోతుంది. మిశ్రమాలతో ఈ పరిధిని పెంచవచ్చు. అయినా నెమాటిక్ హద్దు దగ్గరపడేకొద్దీ విషమదైశికత తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఉదయం సరిగా గురిచూసిన పుంజం మధ్యాహ్నం గురితప్పకుండా ఉండాలంటే, పదార్థం ఒక్కొక్క డిగ్రీకి ఎట్లా మారుతుందో ముందుగా తెలిసి ఉండాలి.

8. కంది, నారాయణఖేడ్

ఈ చర్చ నేటి సంగారెడ్డి జిల్లాలో స్థానిక రూపం ధరిస్తుంది. హైదరాబాద్ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగార ప్రాంగణంలో తాత్కాలికంగా మొదలై, తరువాత కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. దేశీయ ఐదవ తరం ప్రయోగవేదికను రూపొందించిన ఎనిమిది సంస్థలలో ఇది ఒకటి. ఆ వేదిక 2022 మేలో ప్రారంభమయింది. ఆ విధంగా తరంగ పరంపరకు చెందిన ఒక ముఖ్య కేంద్రం ఈ జిల్లా ఆగ్నేయ భాగంలో ఉంది.

ఇదే జిల్లాకు వాయవ్య అంచున కర్ణాటక సరిహద్దులో ఉన్నది నారాయణఖేడ్. హైదరాబాద్ రాజ్యకాలంలో బీదర్ జిల్లాకు చెందిన ఈ తాలూకా 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాలో చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పాలనా కేంద్రాలు మారినా, ఏ కేంద్రానికైనా అంచుననే ఉండడం ఈ ప్రాంత చరిత్రలో మారని అంశం.

26 గిగాహెర్ట్జ్ సేవలు ముందుగా ఇటువంటి ప్రాంతానికి వస్తాయని చెప్పడం సరికాదు. ఆ తరంగాలు గోడలను, చెట్లను దాటలేవు. కొద్ది దూరానికే బలహీనపడతాయి. అవి జనసమ్మర్దం గల నగరాలకు తగినవి. అంచు ప్రాంతాలకు ద్రవస్ఫటికాల వల్ల కలిగే మేలు ఉపగ్రహ మార్గంలో రావచ్చు. టవర్ దూరమైన పల్లెలో, తండాలో, పాఠశాల లేదా ఆరోగ్య ఉపకేంద్రం డాబా మీద కదిలే భాగాలు లేని, తక్కువ విద్యుత్తుతో పనిచేసే చదును యాంటెనా ఉపయోగకరం. అయితే అది ఆ డాబా మీది మే నెల ఎండను తట్టుకోవాలి. ఇక్కడే గుంటూరు పరంపర అవసరం కనిపిస్తుంది. కందిలో పుంజాన్ని మళ్లించే విద్య ఉంది. ఉష్ణోగ్రతతో ద్రవస్ఫటికం మారే తీరును కొలిచే విద్య తెలుగు విశ్వవిద్యాలయాలలో నాలుగు దశాబ్దాలుగా ఉంది. నారాయణఖేడ్ వంటి చోట పనిచేసే పరికరానికి ఈ రెండు విద్యలూ కావాలి.

9. ముగింపు

రేడియో తరంగం, ద్రవస్ఫటికం కార్ల్స్‌రూహెలో ఒకే పీఠంలో అధ్యయనానికి వచ్చినా, పదార్థానికి నిలకడ లేకపోవడం వల్ల, తరంగాలు మరీ పొడవైనవి కావడం వల్ల శతాబ్దం పాటు విడివిడిగా సాగాయి. మొదటి అడ్డంకిని తెరల పరిశ్రమ తొలగించింది. రెండవదానిని పెరుగుతూ వచ్చిన పౌనఃపున్యాలు తొలగించాయి.

ఈ చరిత్రలో భారతదేశం రెండు వైపులా ఉంది. తరంగం వైపు 1898 నాటి జనపనార కట్ట, గాదంకి రాడార్, కంది ప్రయోగశాలలు. పదార్థం వైపు బెంగళూరు బిళ్లల అణువులు, నాగార్జున విశ్వవిద్యాలయపు కొలతలు. ఏ ప్రయోజనం కోసమని అడిగితే వెంటనే సమాధానం దొరకని కొలతలే కాలక్రమంలో పరికరానికి ప్రాణాధారమవుతాయని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. రైనిట్సర్ వేడిచేసి చూసినది కూడా రెండు ఉష్ణోగ్రతలనే. ప్రాంతీయ విశ్వవిద్యాలయాల మౌలిక పరిశోధనను తక్షణ ఉపయోగంతో మాత్రమే తూచే ధోరణిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది. గుంటూరు కొలతలను, కంది తరంగవిద్యను ఒకచోట చేర్చే అధ్యయనాలు ఈ దిశలో తదుపరి మెట్టు.